స్కీ లిఫ్ట్ స్పీడ్ పెరిగినా క్యూ ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: స్కీ రిసార్ట్‌లో రోజుకు ఎంతమందికి చోటుంటుందో ఎలా తేలుస్తారండీ? మేం వెళ్లేచోట హైస్పీడ్ లిఫ్ట్ (తీగకు వేలాడే కుర్చీల్లో జనాన్ని కొండపైకి తీసుకెళ్లేది) వేశారు. క్యూ అలాగే ఉంది, పైగా కిందికి జారే మంచు వాలు మీద రద్దీ పెరిగింది. పిల్లలతో దిగాలంటే టెన్షన్.

జవాబు: లిఫ్టుల దగ్గర పనిచేశాను కాబట్టి చెబుతున్నా. నలుగురి కుర్చీ 6 సెకన్లకొకటి వస్తే గంటకు 2,400 మంది. వేగం రెట్టింపు చేసినప్పుడు కుర్చీల మధ్య దూరమూ పెంచుతారు, ఆ లెక్క మారదు. ప్రయాణం మాత్రం సగమవుతుంది. గాల్లో ఉండాల్సినవాళ్లు క్యూలోనో వాలు మీదో తేలతారు. అందుకే వాలు విస్తీర్ణం, ఎంత నిటారుగా ఉందో కూడా చూడాలి. నిటారు వాలు మీద తక్కువమందే పట్టాలి.

ఇంకొకరు: పార్కింగ్ కూడా! కొలరాడోలో అరపాహో బేసిన్ అనే స్కీ రిసార్ట్ 2019లో ఎపిక్ పాస్ (చాలా రిసార్ట్‌లకు కలిపి ఒకే సీజన్ పాస్) వదిలేసింది ఆ పార్కింగ్ ఇబ్బందితోనే.

ప్రశ్న అడిగినవారు: అయితే టికెట్లకే పరిమితి పెట్టమని అడుగుతాను.