బైబిలు వాక్యం చదువుతున్నప్పుడు దేవుడు దగ్గరున్నట్టు మీకెప్పుడు తెలిసింది?

రాజాం_చెల్లి
అందరికీ వందనాలు. తెల్లారకముందే లేచి, టీ పొయ్యి మీద పెట్టి, ఒక అధ్యాయం చదువుతాను. పిల్లల క్యారేజీలు కట్టేసరికి ఏం చదివానో గుర్తుండదు. ఇప్పుడు లేవీయకాండంలో ఉన్నాను. సన్నిధి అంటారు కదా, అది చదివేటప్పుడే తెలుస్తుందా, తర్వాత పనిలో ఉండగా తెలుస్తుందా? ఫోన్లో చదివితే తేడా ఉంటుందా? పొద్దున్న మంచిదా, రాత్రి మంచిదా?

ఉద్దానం_కొబ్బరితోట
నాకు తెలిసింది తిత్లీ తుఫానులో. 2018 అక్టోబరు 11, తెల్లారగట్ల. మా ఇంటి పెంకులు ఒక్కోటీ లెగిసిపోనాయి. కరెంటు లేదు, పుస్తకం తెరిచే వీలేది? మా అమ్మ 46వ కీర్తన చూడకుండా అందుకుంది. 'వాటి జలములు ఘోషించుచు నురుగు కట్టినను' అనే చోటికి వచ్చేసరికి బయట నిజం సముద్రమే వినిపిస్తోంది. అమ్మ ఆగలేదు, 'మనము భయపడము' దాకా చెప్పింది. నా చేతుల వణుకు అక్కడ తగ్గింది. తెల్లారి చూస్తే తాత నాటిన కొబ్బరి చెట్లు వరసగా పడున్నాయి, జీడితోట వేళ్లతో సహా లేచిపోయింది.
అమ్మకి ఆ కీర్తన సండే స్కూల్లో కంఠతా పెట్టించారు. ఇప్పుడు మా సంఘంలో కంఠత వాక్యం మానేసి ప్రొజెక్టరు పెట్టారు. నాకు అదే కడుపుమంట.

గజపతినగరం_టీచరు
నేను సండే స్కూలు చెప్తాను, ప్రొజెక్టరూ వాడతాను. బొమ్మ చూసిన పిల్లాడు కథ మర్చిపోడు. వాక్యం నేర్పడం మానేసింది ప్రొజెక్టరు కాదు, పెద్దలు. ఇళ్లల్లో కుటుంబ ప్రార్థన ఎంతమంది చేస్తున్నారో ముందది అడగండి.

పలాస_అక్క
చెల్లీ, నేను జీడిపప్పు పనికి వెళ్తాను. మా ఆయనకి కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్, వెళ్తే నాలుగు గంటలు. కిడ్నీలు పోయిన ఏడాది డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికని ఒక్కో వచనం అచ్చువేసి పంచే వాగ్దాన కార్డుల్లో నాకొచ్చింది యిర్మీయా 29:11, మీ గురించి నా ఉద్దేశాలు మేలుకే గాని హానికి కావు అని దేవుడు చెప్పే మాట. మంచం పక్కన కూర్చుని అదే చదివి వినిపిస్తాను. జీడి మరకల వేళ్లతో పట్టుకుని పట్టుకుని అంచులు నల్లబడిపోయాయి. సూది గుచ్చేటప్పుడు ఆయన కార్డు అడుగుతారు. దేవుడు ఆ గదిలో ఉన్నాడని నేను ఎవరి ముందైనా చెప్తాను.

విజయనగరం_బీడీ
సెరంపూర్ బి.డి., అంటే వేదాంత డిగ్రీ చేశాను, ఏళ్ల తరబడి బైబిలు స్టడీలు నడుపుతున్నాను కాబట్టి చెప్తున్నాను. ఆ వచనం బబులోనుకి చెరపట్టుకుపోయిన వాళ్లకి యిర్మీయా రాసిన ఉత్తరంలోది. దానికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా తిరిగొస్తుందని అబద్ధ ప్రవచనం చెప్పాడు. యిర్మీయా 70 ఏళ్లన్నాడు. అంటే విన్నవాళ్లలో చాలామంది ఇల్లు చేరరు. అలాంటి ఉత్తరంలోంచి ఒక వచనం కోసి పూలబొమ్మ మీద అచ్చువేసి పంచితే అది వాక్యధ్యానం అవదు. అర్థం ముందు, అనుభూతి తర్వాత. రాజాం చెల్లికి: లేవీయకాండం 16 చదివేటప్పుడు పక్కన హెబ్రీ 9 పెట్టుకోండి, రెండూ ప్రాయశ్చిత్త బలి గురించే.

పలాస_అక్క
70 ఏళ్ల సంగతి నాకు తెలీదనుకున్నారా? నాలుగు గంటలు కూర్చునే మనిషిని, అధ్యాయమంతా చదివాను. ఇంటికి చేరనివాళ్లకి కూడా దేవుడు ఉత్తరం రాయించాడు. మా ఆయన బాగైపోతాడని కార్డు చెప్పిందని నేనెక్కడన్నాను? మీరు ఒక్కసారి ఆ మంచం పక్కన కూర్చుని, అప్పుడు చెప్పండి కోసి అతికించారని.

నాగావళి_గట్టు
బీడీ గారూ, మనిషి బాధ చెప్పుకుంటే క్లాసు పీకడం ఏటి? సన్నిధికి డిగ్రీలు అడుగుతారా?

విజయనగరం_బీడీ
డిగ్రీ గురించి కాదు. పెళ్లి కుదరలేదని, వీసా రాలేదని 'వాగ్దానం తప్పింది' అంటూ విశ్వాసం వదిలేసినవాళ్లు నా కళ్లముందున్నారు. వాళ్ల కోసం మాట్లాడుతున్నాను.

లావేరు_మేస్త్రి
చెన్నైలో సెంట్రింగు పని చేస్తాను. ఆ ఉత్తరం మాదే. 5వ వచనంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అంటాడు. 7లో మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అంటాడు. మేం కట్టిన ఇళ్లల్లో మేం ఉండం కదా, ఎవరి కోసం ప్రార్థించాలి అని నాకు మంటగా ఉండీది. ఒకరోజు తొమ్మిదో అంతస్తులో స్లాబు పోసాక, ఇక్కడికి ఎవరో కాపురానికి వస్తారు, వాళ్లు చల్లగుండాలని నోటెంట దానంతటదే వచ్చింది. ఆ మాట నాది కాదు. చెల్లీ, నాకు పనిలోనే తెలిసింది.
ఫోన్ సంగతంటారా, రాత్రి షెడ్లో ఒక ఫోన్ మధ్యలో పెట్టి ఆడియో బైబిలు వింటాం. ఇచ్ఛాపురం కుర్రాడొకడు, విశ్వాసి కాడు, యోసేపు కథ మళ్లీ పెట్టమంటాడు.

సాలూరు_ఆర్సీయం
మా కాథలిక్కులకి ఏ రోజు ఏ పఠనమో తిరుసభే ఇస్తుంది. ఆదివారాలకి మూడేళ్ల చక్రం, మామూలు రోజులకి రెండేళ్ల చక్రం. నచ్చింది ఏరుకునే వీల్లేదు, అందుకే కార్డుల తగాదా మాకు లేదు. 12వ శతాబ్దంలో గీగో అనే సన్యాసి నాలుగు మెట్లు చెప్పాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, ఆ తర్వాత మాటల్లేకుండా దేవుని ముందు ఉండిపోవడం. చెల్లి మొదటి మెట్టు మీదే పరుగు పెడుతోంది. అధ్యాయం వద్దు, నాలుగు వచనాలు చాలు.

నాగావళి_గట్టు
నాలుగు వచనాలైతే లేవీయకాండం ఎప్పటికి అవుతుంది? మొత్తం బైబిలు 1189 అధ్యాయాలు. రోజుకి మూడు నాలుగు చదివితేనే ఏడాదికి తెములుతుంది.

సాలూరు_ఆర్సీయం
తెమలాలని ఎవరన్నారు?

సీతంపేట_సవర
మా అమ్మకి చదువు రాదు. ఆదివారం విన్నది వారమంతా పోడులో పని చేసుకుంటూ తనలో తను అనుకుంటుంది. అధ్యాయాల లెక్కలో ఆమెని ఎక్కడ పెడతారు?

రాజాం_చెల్లి
మేస్త్రి అన్నయ్య మాట, సవర తమ్ముడు వాళ్లమ్మ సంగతి రాసి పెట్టుకున్నాను. రేపట్నుంచి నాలుగు వచనాలే. వంటగదిలో ఉన్నంతసేపూ అవే అనుకుంటాను. మా అత్తగారికి కంటి ఆపరేషన్ అయింది, పెద్దక్షరాల బైబిలు ఉందా?

గజపతినగరం_టీచరు
బైబిల్ సొసైటీ వాళ్లది ఉందమ్మా, కానీ బరువు, పెద్దావిడ ఒళ్లో పెట్టుకోలేరు. కొత్త నిబంధన, కీర్తనలు కలిపిన పుస్తకం తీసుకో.

విజయనగరం_బీడీ
పలాస అక్కా, మీ ఆయనకి డయాలసిస్ ఏయే రోజులు? మా ప్రార్థన గుంపులో పెడతాను.

పలాస_అక్క
మంగళవారం, శుక్రవారం. తప్పకుండా పెట్టండి. కార్డు గురించి అన్న మాట మాత్రం మీరింకా వెనక్కి తీసుకోలేదు.