చంద్రుడి మీద ‘బరువు తగ్గడం’ అంటే ఏది తగ్గినట్టు?

ప్రశ్న: పిల్లల కోసం రాస్తున్న ఒక వ్యాసంలో ‘చంద్రుడి మీద మనిషి బరువు ఆరో వంతుకు తగ్గుతుంది’ అని రాశాను. సరిచూసిన మిత్రులు ‘బరువు’ కొట్టేసి ‘భారం’ అని దిద్దారు. రెండూ ఒకటే కదా, ఈ దిద్దుబాటు అవసరమా? పెద్దలు చెప్పగలరు.

జవాబు: అయ్యా, దిద్దుబాటు అవసరమేనని నా అభిప్రాయం. ఎవరైనా ‘బరువు తగ్గాను’ అంటే ఒంట్లో కొవ్వో నీరో కొంత పోయిందని అర్థం చేసుకుంటాం. అంటే తగ్గింది శరీరంలోని పదార్థం, భౌతికశాస్త్రం ద్రవ్యరాశి అని పిలిచేది. చంద్రుడి మీద దిగినంత మాత్రాన ఒంట్లోంచి ఒక్క గ్రాము కూడా పోదు. 60 కిలోగ్రాముల మనిషి అక్కడా 60 కిలోగ్రాములే. మారేది ఆ మనిషిని నేల వైపు లాగే బలం. భూమి మీద అది సుమారు 588 న్యూటన్లు (న్యూటన్ అంటే బలానికి కొలమానం) కాగా, చంద్రుడి మీద గురుత్వ త్వరణం, అంటే కింద పడే వస్తువు వేగం పెరిగే రేటు, సెకనుకు సెకనుకు 1.62 మీటర్లే కనుక 97 న్యూటన్లకు పడిపోతుంది. మీ వాక్యం చదివిన పిల్లవాడు చంద్రుడి మీదికి వెళితే సన్నబడతామని అనుకుంటే తప్పు వాడిది కాదు.

‘భారం’ ఎందుకు నప్పుతుందో ఆ మాట పుట్టుకే చెబుతుంది. సంస్కృతంలో ‘భృ’ ధాతువుకు మోయడం, భరించడం అని అర్థం, మోయబడేది భారం. అందుకే ‘ఎవరికి భారం?’ అని అడుగుతాం గాని ‘ఎవరికి ద్రవ్యరాశి?’ అని అడగం. ద్రవ్యరాశి వస్తువుకు సొంతం, భారం ఆ వస్తువు ఉన్న చోటును బట్టి వచ్చిపోయేది. (‘పరమాణు భారం’ అన్న పాత మాటలో ఉన్నది నిజానికి ద్రవ్యరాశే, ‘పరమాణు ద్రవ్యరాశి’ అనడమే సరి.)

ఇంకొక సంగతి నాకు ముచ్చటగా తోస్తుంది. నామవాచకాలు కలిపేసిన ఈ తేడాను మన క్రియాపదాలు ఎప్పటినుంచో విడిగానే ఉంచాయి. ‘సరితూగు’, ‘తులతూగు’ అన్నవి రెండు పళ్లేల త్రాసు నుంచి వచ్చిన మాటలు. అటు పళ్లెంలోని వస్తువునూ ఇటు పళ్లెంలోని తూనికరాళ్లనూ గురుత్వం ఒకే తీరున లాగుతుంది కనుక, భూమి మీద సరితూగినవి చంద్రుడి మీదా సరితూగుతాయి. అక్కడ పోల్చేది ద్రవ్యరాశులను. స్ప్రింగ్ త్రాసు సంగతి వేరు. భూమి మీద 6 కిలోల గుర్తు దాకా సాగిన స్ప్రింగు, చంద్రుడి మీద అదే వస్తువును తగిలిస్తే దాదాపు 1 కిలో గుర్తు దగ్గరే ఆగిపోతుంది. ఇది చూపేది భారాన్ని, అదీ కిలోల ముసుగులో.

భారం చోటును బట్టి మారుతుందని చూడటానికి అంత దూరం వెళ్లనక్కరలేదు. భూమధ్యరేఖ దగ్గర గురుత్వ త్వరణం 9.780, ధ్రువాల దగ్గర 9.832. గురుత్వం తగ్గితే లోలకం నెమ్మదిగా ఊగుతుంది. పారిస్‌లో సరిగా నడిచిన లోలకపు గడియారం భూమధ్యరేఖకు చేరువలోని కయెన్‌లో రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడుతోందని ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్ రిషే 1672లోనే గమనించాడు.

మరొక సభ్యుని సందేహం: మోసేది లేకపోతే భారం లేదన్న లెక్కన, దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగామికి భారం సున్నా కావాలి. ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతో గుణిస్తే భారం వస్తుందన్న పాఠ్యపుస్తకం లెక్కన మాత్రం, అక్కడ కూడా భూమి మీది భారంలో సుమారు తొంభై శాతం ఉండాలి. ఏది నిజం?

జవాబు: మంచి మెలిక పెట్టారు. రెండు నిర్వచనాలూ వాడుకలో ఉన్నాయి. కేంద్రమూ వ్యోమగామీ ఒకే త్వరణంతో భూమి చుట్టూ పడుతూనే ఉంటారు కనుక, కేంద్రపు నేల ఆయన కాళ్లను ఎదురు నెట్టదు, ఆయనను మోయదు. మోయబడేది అన్న అర్థంలో ‘భారరహిత స్థితి’ చక్కని మాట. ‘గురుత్వరహిత స్థితి’ అనడమే పొరపాటు. గురుత్వమే లేకపోతే కేంద్రం భూమి చుట్టూ తిరగక తిన్నగా సాగిపోయేది. అయితే ‘గురుత్వం’ అన్న మాటకు అసలు అర్థం బరువుగా ఉండటమే కనుక, పట్టుబట్టి వాదించేవారికి అక్కడా కొంత ఆసరా దొరుకుతుంది.

అక్కడ ద్రవ్యరాశిని కొలిచే పద్ధతి చూస్తే మీ సందేహం ఇంకొంత తీరుతుంది. 1973లో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రంలో స్ప్రింగులకు అమర్చిన కుర్చీ ఒకటి ఉండేది. వ్యోమగామి దానిలో బిగుసుకుని కూర్చుంటే కుర్చీ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఒంట్లో ద్రవ్యరాశి ఎంత ఎక్కువగా ఉంటే ఒక్కో ఊపుకు అంత ఎక్కువ సమయం పడుతుంది. మోసేవారు లేకపోయినా కదలడానికి ఆ ఒళ్లు మొరాయిస్తూనే ఉంటుంది. దీన్నే జడత్వం అంటాం. ద్రవ్యపు పోగు అని మాత్రమే స్ఫురింపజేసే ‘ద్రవ్యరాశి’లో ఈ మొండితనం వినిపించకపోవడం ఆ మాటకున్న లోటు.

ఇక మొదట అడిగిన వారికి: పిల్లల కోసం కనుక పరిభాష జోలికి పోకుండా ‘భూమి మనల్ని లాగే బలంలో ఆరో వంతు బలంతోనే చంద్రుడు లాగుతాడు’ అని రాసి చూడండి. ‘బరువు తగ్గాడు’ అన్న మాటను, ఆ కుర్చీ ఊపులు మునుపటికన్నా త్వరత్వరగా పడిన వ్యోమగామి కోసం అట్టిపెట్టండి.