"క్షయీ కాసీ"యా, "క్షయీ శ్వాసీ"యా? అడ్డసరం శ్లోకంలో ఒక అక్షరం

పద్యప్రియ, నల్లగొండ:
అడ్డసరం చెట్టును (సంస్కృతంలో వాసా) పొగిడే శ్లోకం ఒకటున్నది. "వాసాయాం విద్యమానాయాం" దగ్గర మొదలై "రక్తపిత్తీ క్షయీ కాసీ కిమర్థమవసీదతి" దగ్గర ముగిసే శ్లోకం. నడుమ పాదం జారిపోయింది. కొందరు "క్షయీ శ్వాసీ" అని చదువుతున్నరు. కాసీ అంటే దగ్గు ఉన్నవాడు, శ్వాసీ అంటే దమ్ము ఉన్నవాడు. ఈ చెట్టుతోనే చేసే జస్టీషియా అధటోడా అనే హోమియో మందును దగ్గుకూ దమ్ముకూ చెప్పే కరపత్రం ఒకదాంట్లో కూడా "శ్వాసీ" అనే అచ్చయింది. సరైన పాఠం ఏది?

ఛందోభిమాని, వనపర్తి:
నడుమ పాదం "ఆశాయాం జీవితస్య చ". వాసా ఉండగా, బతుకు మీద ఆశ ఉండగా, రక్తపిత్తం, క్షయ, దగ్గు ఉన్నవాడు ఎందుకు (కిమర్థం) కుంగిపోవాలె అని భావం. ఇక గణాల సంగతి. ఈ శ్లోకం అనుష్టుప్పు, పాదానికి ఎనిమిది అక్షరాలు. అందులో ఐదోది లఘువు, ఆరోది గురువు, బేసి పాదంలో ఏడోది గురువు. క్ష లఘువు, యీ గురువు, కా గురువు: సరిపోయింది. "శ్వా" పెట్టినా సరిపోతది, ఎందుకంటే యీ ఎట్లాగూ దీర్ఘమే, వెనక సంయుక్తం వచ్చి దాన్ని కొత్తగా గురువు చెయ్యాల్సిన పని లేదు. అంటే ఛందస్సు ఈ తగవు తీర్చదు. నేను మాత్రం "కాసీ" పక్షమే. క్షయీ, కాసీ, కిమర్థం అని ముప్పేటగా వచ్చే కకారాన్ని ఏ కవీ చేజేతులా వదులుకోడు.

మూలికల ముచ్చట, అచ్చంపేట:
కాసీ అనే అనాలె. చెట్టు చేసే పనే సాక్ష్యం. ఆకులోని వాసిసిన్ అనే రసాయనం ప్రధానంగా తెమడ మీద పనిచేస్తది. దాన్ని నమూనాగా పెట్టుకొని తయారుచేసిన బ్రోమ్‌హెక్సిన్ 1963లో మందుగా వచ్చింది, ఆ తర్వాత అంబ్రాక్సాల్. రెండూ చిక్కటి తెమడను పల్చబరిచేవే. రక్తపిత్తం, క్షయ, కాస అనే వరుసలో కూడా పొందిక ఉన్నది: నోట్లో నుంచి రక్తం పడటం, ఒళ్లు కరిగిపోవటం, విడవని దగ్గు.

హోమియో దీపిక, మిర్యాలగూడ:
అన్నా, వాసిసిన్ శ్వాసనాళాలను వదులు చేస్తుందని కూడా ప్రయోగాల్లో తేలింది గదా. మా పద్ధతిలో ఈ మందుకు చెప్పే లక్షణాలు తుమ్ములతో కూడిన జలుబు, వాసన తెలియకపోవడం, రొమ్ముఎముక వెనక నుంచి లేచే పొడిదగ్గు, ఛాతీ బిగువు. "శ్వాసీ" అంటే తప్పేమిటి?

మూలికల ముచ్చట, అచ్చంపేట:
అమ్మా, శ్లోకం చెప్పేది ఆకు రసం సంగతి, సీసా సంగతి కాదు. అడ్డసరం ఆకు ఊరికే దంచితే రసం దిగదు, పొడిపొడిగా పిప్పే మిగుల్తది. అందుకే పుటపాకం. తాజా ఆకును మెత్తగా నూరి ముద్ద చేసి, మర్రాకుల్లో చుట్టి, దారంతో కట్టి, పైన రెండు వేళ్ల మందాన బంకమట్టి మెత్తాలె. నిప్పుల్లో పెట్టి మట్టి ఎర్రబడినంక తీసి, వేడి తగ్గకముందే గుడ్డలో పిండాలె. మట్టి పల్చగా పెడితే పగిలి ఆకు మాడుతది. తొందరపడి తీస్తే లోపల ముద్ద పచ్చిగానే ఉండి చుక్క రాదు. ఆ రసం 10 నుంచి 20 మిల్లీలీటర్లు, తేనెతో. గర్భిణులకు మాత్రం వద్దు, వాసిసిన్ గర్భాశయాన్ని సంకోచింపజేస్తది.

హోమియోలో కూడా పాత పద్ధతి ఈ తేడా గుర్తించింది. రసం బాగా ఉన్న మొక్కకు రసమెంతో ఆల్కహాల్ అంత, రసం తక్కువున్నదానికి ఆకు బరువుకు రెండింతల ఆల్కహాల్ పోసి నానబెట్టాలె. అది మదర్ టింక్చర్. అక్కడిదాకా సీసాలో ఆకు ఉన్నది. ఒక వంతుకు 99 వంతులు కలిపి కుదిపితే 1సి, అట్లా 12సి దాటినంక ఆకు అణువు ఒక్కటి మిగలటమే కష్టం. 30సి అంటే ఒకటి పక్కన 60 సున్నాలు. ఆ సీసా మీద ఈ శ్లోకం వెయ్యటం నాకు నచ్చదు. హోమియో మందులు నిజంగా పనిచేస్తాయనేందుకు నమ్మదగిన ఆధారం లేదని 2015లో ఆస్ట్రేలియా ఆరోగ్య పరిశోధన మండలి సమీక్ష తేల్చింది. దమ్ము ఉన్నవాళ్లు దీన్ని నమ్ముకొని ఇన్‌హేలర్ ఆపొద్దు.

ఛందోభిమాని, వనపర్తి:
ఇక్కడే "ఆశాయాం జీవితస్య చ" బరువు తెలుస్తది. ఆ "చ"ను అందరూ పాదం నింపటానికి వేసిన అక్షరమని దాటేస్తరు. "విద్యమానాయాం" అన్నది వాసాకూ ఆశకూ రెండింటికీ అన్వయించాలె. వాసా ఉండి, బతుకు మీద ఆశ కూడా ఉంటేనే "కిమర్థం". ఇది షరతు పెట్టిన మాట, అన్ని రోగాలకూ ఇచ్చిన హామీ కాదు. క్షయకు ఈనాడు మామూలుగా 6 నెలల మందుల కోర్సు ప్రభుత్వ దవాఖానల్లో ఉచితంగానే ఉన్నది. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు తెమడ పరీక్ష. శ్లోకం చదివేవాళ్లు ఇది కూడా చెప్పాలె.

జటప్రోలు పాఠకుడు, కొల్లాపూర్:
"వాసాయాం" అంటే నివాసం ఉండగా అని కూడా విడదీయొచ్చేమో. మన జటప్రోలు సంస్థానపు కవి ఎలకూచి బాలసరస్వతి చూపిన శ్లేష విద్యను ఈ నేల ఇంకా మరువలేదు. ఆయన రాఘవయాదవపాండవీయంలో ఒకే పద్యం రాముడికీ కృష్ణుడికీ పాండవులకూ అన్వయిస్తది. అర్థం విడిపోయినా పద్యం నడక కుంటుపడదు, ఆయన ఘనత అక్కడ. రెండర్థాలు సాధించటమే గగనమైన చోట మూడు! ఆయన్ను చదివిన చెవికి ఈ శ్లోకంలో కూడా ఇంకో పొర వినిపిస్తది.

ఛందోభిమాని, వనపర్తి:
బాలసరస్వతి మీద మీకున్న ప్రేమ నాకూ ఉన్నది సార్. కానీ నివాసం అనే "వాసః" పుంలింగం, సప్తమిలో "వాసే" అవుతది. "వాసాయాం" అన్నప్పుడే ఆకారాంత స్త్రీలింగం, అంటే చెట్టే. బాలసరస్వతి అయితే లింగం దగ్గర జారడు.

సరిహద్దు తెలుగు, నారాయణపేట:
అసలు "అడ్డసరం" ఎట్లా వచ్చిందో చూడండి. సంస్కృతం అటరూష, మరాఠీ అడుళసా, హిందీ అడూసా. మా పక్క కన్నడంలో ఆడుసోగె. లిన్నేయస్ 1753లో పెట్టిన అధటోడా తమిళ, మలయాళాల నుంచి పోయింది: ఆడు అంటే మేక, తొడా అంటే ముట్టదు. చేలకు కంచెగా నాటేది అందుకే. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఎండబెట్టిన ఆకులో పెద్దమాను ఆకు కలుపుతరు. పెద్దమానుది ఈనెకు రెండు వైపులా చిట్టాకులుండే ఆకు, అంచు రంపంలా ఉంటది. అడ్డసరం ఆకు విడిగా, ఎదురెదురుగా, బల్లెం మొనలా ఉంటది, అంచుకు పళ్లుండవు. పువ్వు తెల్లగా రెండు పెదవులతో, కింది పెదవి మీద ఊదా గీతలు.

పద్యప్రియ, నల్లగొండ:
ఆ తెరిచిన పెదవులను చూసే గదా అమరకోశంలో ఈ చెట్టును "సింహాస్యః", సింహం నోరు వంటిది, అన్నది. అక్కడ చెట్టు పేర్ల వరుస "వైద్యమాతృసింహ్యౌ తు వాశికా". తాలవ్య శ! "వాశృ శబ్దే" అనే ధాతువుంది, అరవటం, గర్జించటం. సింహీ, సింహాస్య, వాశికా మూడూ ఒకే ఊహలోంచి వచ్చినయని నా నమ్మకం.

జటప్రోలు పాఠకుడు, కొల్లాపూర్:
అట్లయితే శ్లోకం మొదలే మారుతది: "వాశాయాం విద్యమానాయాం, ఆశాయాం జీవితస్య చ". శాయాం, శాయాం! ఇంత చక్కగా కలిసే పాఠాన్ని పెట్టుకొని దంత్య సకారం ఎందుకు చదవాలె?

ఛందోభిమాని, వనపర్తి:
అంత చక్కగా కలవటమే నాకు అనుమానం. పక్కన "ఆశా" ఉన్నది కాబట్టి రాతగాడి చెయ్యి సకారాన్ని శకారం వైపు లాగి ఉండొచ్చు. వాడుకలో వాసకం, వాసా అనే దంత్యం బలంగా నిలబడింది.

పద్యప్రియ, నల్లగొండ:
అదే తర్కం "కాసీ"కి పెట్టి చూడండి. ముందు క్ష, వెనక కి ఉన్నయని చెయ్యి "శ్వా"ను "కా" చేసి ఉండొద్దా? తాటాకు ప్రతి చూసినవాళ్లుంటే మొదటి పాదంలో రెండో అక్షరం, మూడో పాదంలో ఏడో అక్షరం, ఈ రెండూ ఎట్లున్నయో రాయండి.