ఉద్యోగం పోయింది, పీఎఫ్‌లో ఎగ్జిట్ తేదీ పడట్లేదు

మాది శ్రీకాకుళం, హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే ఎల్1 సపోర్ట్ (కంప్యూటర్ సమస్యలొస్తే ముందుగా సాయం చేసే పని) చేసేదాన్ని. పాస్‌వర్డ్ రీసెట్లు, వీపీఎన్ టికెట్లు చాట్‌బాట్‌కి అప్పజెప్పి, ఫోన్లెత్తే పనేమో క్లయింటు మనీలాకి పంపేశాడు. మార్చి 31తో టీమంతా ఇంటికే, పైగా రాజీనామా మెయిల్ మా చేతే పెట్టించారు, అది వేరే గోల.

ఇప్పుడు జులై. పీఎఫ్ పోర్టల్లో ఎగ్జిట్ తేదీ, అంటే ఉద్యోగం మానేసిన తేదీ, ఖాళీగానే ఉంది. రెండు నెలలు దాటితే మనమే వేసుకోవచ్చు కదా అని మేనేజ్‌లో మార్క్ ఎగ్జిట్‌కి వెళ్లి మార్చి 31 కొడితే తీసుకోవట్లేదు. పాస్‌బుక్ చూస్తే విషయం తెలిసింది: చివరి జమ ఫిబ్రవరిది. పేస్లిప్‌లో మార్చి పీఎఫ్ కోత మాత్రం శుభ్రంగా ఉంది! చివరి జమ పడిన నెలలోని తేదీనే ఇవ్వాలట. హెచ్ఆర్‌కి మెయిళ్లు పెట్టాను, మేనేజర్‌కి వాట్సాప్‌లో పేస్లిప్ పంపాను, ఉలుకూ పలుకూ లేదు. సెవెన్ రోడ్స్ దగ్గర నెట్ సెంటర్ అబ్బాయీ చేతులెత్తేశాడు.

రిలీవింగ్ లెటర్‌లో మార్చి 31 అని ఉంది, పోర్టల్లో ఒకసారి వేసిన తేదీని మార్క్ ఎగ్జిట్‌లో మళ్లీ మార్చలేం. ఇలాంటిది ఎదురైనవాళ్లు చెప్పండి, ఫిబ్రవరి 28 వేసేయనా, లేక ముందు మార్చి జమ కోసం పీఎఫ్ గ్రీవెన్స్ (ఫిర్యాదు) పెట్టి ఆగనా?