ఏ వైన్ ముందు పోస్తే అదే గెలుస్తోంది, ఏం చేయాలి?

హైదరాబాద్‌లో మా ఇంట్లో ఆరుగురం కలిసి వెయ్యి రూపాయల లోపు రెడ్ వైన్లు నాలుగు పోల్చి చూస్తున్నాం. రెండు నాసిక్ షిరాజ్‌లు, ఒక నాసిక్ కాబర్నే సావిన్యోన్ (ఈ రెండూ ద్రాక్ష రకాల పేర్లు), ఒకటి బెంగళూరు దగ్గరి నంది హిల్స్ వైపుది. సీసాలకు న్యూస్‌పేపర్ చుట్టి, స్కెచ్ పెన్‌తో నంబర్లు వేసి, ఒక్కొక్కరికి 50 మి.లీ. చొప్పున పోశాను. పదికి మార్కులు.

మొదటిసారి ముందు పోసిన షిరాజ్ గెలిచింది. రెండు వారాల తర్వాత అదే వైన్లను వరస తిరగేసి పోస్తే, అప్పుడు చివర్న మిగిలిన నంది హిల్స్ సీసా ఈసారి మొదటికొచ్చి గెలిచింది! మూడో గ్లాసు నుంచి అందరిదీ ఒకటే మాట: "వగరు, ఘాటు."

మొదటిసారి మిరపకాయ బజ్జీలు పెట్టాను, అది నా తప్పే. కారం మీద వగరు ఇంకా మండింది. రెండోసారి ఉత్త బ్రెడ్, మంచినీళ్లే. సీసాలు 40 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగూ ఒకేసారి బయటకు తీశాను. గదిలో 31 డిగ్రీలు. నాలుగోది పోసేసరికి గంట దాటింది, సీసా పట్టుకుంటే వెచ్చగా తగిలింది. ఉన్నవి ఆరు గ్లాసులే కాబట్టి ఒక వైన్ అయ్యాక కడిగి ఇంకోటి పోస్తున్నాం.

వచ్చే శనివారం మూడోసారి కూర్చుంటున్నాం. ఇంకో పద్దెనిమిది గ్లాసులు అద్దెకు తెచ్చి నాలుగూ పక్కపక్కనే పోస్తే ఈ తేడా పోతుందా, లేక ఒక్కో సీసానే ఫ్రిజ్‌లోంచి తీస్తూ పోస్తే సరిపోతుందా?