మెడికేర్ లాంటి ప్రభుత్వ బీమాను అమెరికాలో ఏ వయసువాళ్లైనా కొనుక్కోనివ్వాలా?

ఈశాన్యగాలి:
అమెరికాలో 65 ఏళ్లు నిండినవాళ్లకు మెడికేర్ ఉంది. అలాగే ప్రభుత్వమే ఒక బీమా ప్లాన్ పెట్టి, ప్రీమియం కట్టిన ఎవరినైనా చేర్చుకుంటే మంచిదా కాదా? పబ్లిక్ ఆప్షన్ అంటున్నది దీన్నే. ఇందులో ప్రైవేటు బీమాలు రద్దు చేయడం ఏమీ లేదు. వాటిలో ఉండాలనుకునేవాళ్లు ఉంటారు. నేను కావాలనే అంటాను.

ఇక్కడ బీమా ఉద్యోగానికి ముడిపడి ఉండటం ఎవరూ ఆలోచించి పెట్టిన పద్ధతి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జీతాల పెంపుపై ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. పనివాళ్లు దొరక్క కంపెనీలు జీతం బదులు బీమా ఇవ్వడం మొదలుపెట్టాయి. కంపెనీ కట్టే ప్రీమియం మీద ఉద్యోగికి పన్ను ఉండదని 1954 పన్నుల చట్టం ఖాయం చేసేసరికి అది పాతుకుపోయింది. దాని ఫలితం లేఆఫ్ అయినప్పుడు తెలుస్తుంది. 2024లో కంపెనీలు ఇచ్చే కుటుంబ బీమా సగటు ప్రీమియం ఏడాదికి 25,572 డాలర్లు. ఉద్యోగం పోయాక కోబ్రా అనే చట్టం కింద అదే ప్లాన్ ఉంచుకోవచ్చు, కానీ కంపెనీ వాటా కూడా మనమే కట్టాలి, దాని మీద ఇంకో 2 శాతం. అంటే జీతం ఆగిపోయిన నెలలో రెండు వేల డాలర్లకు పైనే. హెచ్‌-1బి వీసా మీద ఉన్నవాళ్లకు 60 రోజుల్లో ఉద్యోగం వెతుక్కోవాలన్న టెన్షన్ ఎలాగూ ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా కీమో జరుగుతుంటే ఆ మనిషి పరిస్థితి ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. ఉద్యోగం మారినా మారని బీమా ఒకటి ఉండాలి. లాభం కోసం కాకుండా నడిచేది ఉండాలి.

తెల్లకోటు:
మీ బాధ అర్థమైంది, కానీ మందు వేరే అనుకుంటాను. ఉద్యోగంతో పాటు బీమా పోయినవాళ్లు ఏడాదిలో ఎప్పుడైనా సరే, 60 రోజుల్లోపు ఒబామాకేర్ మార్కెట్‌ప్లేస్‌లో ఇంకో ప్లాన్ కొనుక్కోవచ్చు, ఒబామాకేర్ అనే ఆ 2010 చట్టం వల్ల అక్కడ పాత జబ్బు ఉందని ఎవరూ కాదనలేరు. ఇంకో ప్లాన్ ఎందుకు?

నేను ఫ్యామిలీ మెడిసిన్ డాక్టర్ని. మెడికేర్ పేషెంట్లను సంతోషంగా చూస్తాను. కానీ మెడికేర్ మాకు ఇచ్చే ఫీజు ప్రతి ఏడాదీ వాషింగ్టన్ డీసీలో జరిగే గొడవ మీద ఆధారపడుతుంది. 2025లో 2.83 శాతం కోశారు. క్లినిక్ అద్దె, నర్సుల జీతాలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. ఇప్పుడు ప్రైవేటు బీమాలు ఇచ్చే ఎక్కువ డబ్బుతోనే ఈ లోటు పూడుతోంది. ప్రైవేటు బీమా ఉన్న పేషెంట్లంతా ప్రభుత్వ ప్లాన్‌లోకి వెళ్లిపోతే ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది?

ఇంకొకటి, మెడికేర్ అంటే పూర్తి రక్షణ అనుకోకండి. ఒరిజినల్ మెడికేర్‌లో డాక్టర్ ఖర్చులో 20 శాతం పేషెంటే కట్టాలి, దానికి ఏడాది పరిమితి కూడా లేదు. అందుకే మళ్లీ ప్రైవేటు కంపెనీ దగ్గర మెడిగ్యాప్ అనే అదనపు బీమా కొనుక్కుంటారు. పళ్లకు, కళ్లద్దాలకు, వినికిడి యంత్రాలకు మామూలుగా ఏమీ రాదు.

బిల్లింగ్‌బల్ల:
నేను హాస్పిటల్ బిల్లింగ్‌లో పనిచేస్తాను. డాక్టరుగారు చెప్పిన 20 శాతం సంగతి నిజమే, పేషెంట్లతో ఫోన్లో మాట్లాడేది మేమే కాబట్టి మాకు బాగా తెలుసు. కానీ మెడికేర్ క్లెయిమ్ పంపేటప్పుడు అది పాస్ అవుతుందో లేదో మాకు దాదాపు ముందే తెలుస్తుంది. రూల్స్ అందరికీ ఒకటే, ఎవరైనా చదువుకోవచ్చు. ప్రైవేటులో ఒకే కంపెనీకి పది ప్లాన్లు, ఒక్కోదానికి ఒక్కో ప్రీఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) లిస్టు. ఆథరైజేషన్ తీసుకుని ఆపరేషన్ చేసినా తర్వాత డబ్బు ఇవ్వమని డినయల్ రావడం కొత్తేమీ కాదు. ఒక్క ఎంఆర్ఐ కోసం మా టీమ్‌లో ఒకరు గంటలకొద్దీ హోల్డ్‌లో కూర్చుంటారు. ఆ జీతం కూడా చివరికి పేషెంటు బిల్లులోనే కలుస్తుంది.

మెడికేర్ పేరుతో నడిచేవన్నీ ఇలా ఉండవు. మెడికేర్ ఉన్నవాళ్లలో సగం మందికి పైగా ఇప్పుడు మెడికేర్ అడ్వాంటేజ్‌లో ఉన్నారు, అది నడిపేది ప్రైవేటు కంపెనీలే, అక్కడ మళ్లీ అదే ప్రీఆథరైజేషన్. అందుకే "ప్రభుత్వ బీమా" అనగానే నేను అడిగేది ఒకటే: నడిపేది ఎవరు, రేటు నిర్ణయించేది ఎవరు?

2009లో ప్రతినిధుల సభ పాస్ చేసిన పబ్లిక్ ఆప్షన్ చూడండి. పేరు ప్రభుత్వానిదే, కానీ మెడికేర్ రేట్లు లేవు, ప్రతి హాస్పిటల్‌తోనూ బేరమాడుకోవాలి. దాని ప్రీమియం ప్రైవేటు ప్లాన్ల సగటు కన్నా కాస్త ఎక్కువే ఉండొచ్చని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అప్పుడే చెప్పింది. ఆరోగ్యం బాగా లేనివాళ్లు ఎక్కువగా అందులో చేరతారని కూడా ఒక కారణం. తర్వాత సెనేట్‌లో 60 ఓట్లు కావాల్సి వచ్చి, సెనేటర్ లీబర్‌మన్ ఒప్పుకోక అది కూడా పోయింది.

వాషింగ్టన్ రాష్ట్రం 2019లో చట్టం చేసి 2021 నుంచి అమ్మింది, దేశంలో అదే మొదటిది. అక్కడా నడిపేది ప్రైవేటు కంపెనీలే, మొత్తం మీద చెల్లింపులు మెడికేర్ రేటుకు 160 శాతం దాటకూడదన్న షరతుతో. చాలా హాస్పిటళ్లు మాకొద్దు అన్నాయి. మొదటి ఏడాది 39 కౌంటీల్లో 19 చోట్లే దొరికింది. తప్పక చేరాలని 2021లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది.

లెక్కతేలాలి:
మీరు చెప్పిందే నా అభ్యంతరం కూడా. అసలు జబ్బు రేట్లది. 2022లో కంపెనీల బీమాలు హాస్పిటళ్లకు సగటున మెడికేర్ రేటుకు 254 శాతం కట్టాయని ర్యాండ్ అనే పరిశోధన సంస్థ లెక్క కట్టింది. అదే స్కాన్, అదే మంచం, రెండున్నర రెట్లు. దీనికి ప్రభుత్వం బీమా కంపెనీ పెట్టక్కర్లేదు. మేరీలాండ్‌లో 1970ల నుంచి ఒక కమిషన్ హాస్పిటల్ రేట్లు నిర్ణయిస్తోంది, ప్రైవేటు బీమా అయినా, మెడికేర్ అయినా దాదాపు అదే రేటు. అక్కడ ప్రభుత్వం బీమా అమ్మడం లేదు. పెద్ద మార్పు అనగానే ఏమవుతుందో వెర్మాంట్‌లో చూశాం. రాష్ట్రమంతటికీ ఒకే ప్రభుత్వ బీమా అన్నారు. కంపెనీల మీద 11.5 శాతం జీతాల పన్ను వేయాలని తేలాక 2014 డిసెంబరులో గవర్నర్ షమ్లిన్ తానే ఆపేశారు.

ఈశాన్యగాలి:
వెర్మాంట్ ఉదాహరణ ఇక్కడ నప్పదండీ. అది అందరికీ ఒకే బీమా, నేనడుగుతున్నది ఇష్టమైనవాళ్లు కొనుక్కునేది. మేరీలాండ్ సంగతి ఒప్పుకుంటాను, చాలా మంచి పని. కానీ రేట్లు తగ్గినంత మాత్రాన ఉద్యోగం పోయినవాడి ప్లాన్ నిలవదు. డాక్టరుగారన్నట్టు మార్కెట్‌ప్లేస్‌కి వెళ్తే నెట్‌వర్క్ (ప్లాన్ ఒప్పుకునే డాక్టర్లు, హాస్పిటళ్లు) మారుతుంది, డిడక్టిబుల్ (బీమా కట్టడం మొదలుపెట్టే ముందు మనం కట్టాల్సింది) మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, చూస్తున్న ఆంకాలజిస్ట్ అందులో ఉంటారన్న నమ్మకం లేదు.

హాస్పిటళ్లు చేరవు అన్నదానికి ఒక జవాబు 1966లోనే ఉంది. మెడికేర్ మొదలైనప్పుడు నల్లవాళ్లను వేరే వార్డుల్లో పెట్టే హాస్పిటళ్లకు డబ్బు ఇవ్వబోమని ప్రభుత్వం చెప్పింది. కొన్ని నెలల్లోనే వెయ్యికి పైగా హాస్పిటళ్లు మారాయి. మెడికేర్ డబ్బు కావాలంటే పబ్లిక్ ఆప్షన్ పేషెంట్లను కూడా చూడాలి అని చట్టంలో ఒక్క వాక్యం రాస్తే ఏ పెద్ద హాస్పిటల్ కాదంటుంది?

తెల్లకోటు:
పెద్ద హాస్పిటల్ కాదనదు. పల్లెల్లో చిన్న హాస్పిటల్ మూతపడుతుంది.

బిల్లింగ్‌బల్ల:
పల్లెల్లోని క్రిటికల్ యాక్సెస్ అనే చిన్న హాస్పిటళ్లకు మెడికేర్ ఖర్చు లెక్కగట్టి 101 శాతం ఇస్తుంది కదండీ. అదే పద్ధతి కొత్త ప్లాన్‌కీ పెట్టొచ్చు. నాకు భయం ఉన్నది మధ్యలో ఉన్నవాటి గురించే: మరీ చిన్నవి కావు, బేరమాడే బలమూ లేదు. అలాంటివాటికి మెడికేర్ రేటుకు 100 శాతం చాలదు.

తెల్లకోటు:
అక్కడే నా మాట కూడా. 100 శాతం అంటే నేను వ్యతిరేకం. వాషింగ్టన్ లాగా 160 దగ్గర మొదలుపెట్టి, ప్రైమరీ కేర్ ఫీజు ఇంతకన్నా తగ్గకూడదన్న కనీస హద్దు పెట్టి, ధరలతో పాటు పెరిగేలా చట్టంలోనే రాస్తే నా క్లినిక్ మొదటి రోజే చేరుతుంది. అలా రాసిన బిల్లు ఇంతవరకు ఏ సభలోనైనా పాసైతే చూపించండి.