సీఎంఐపీ6 డేటా పెడితే ఆవిరి లెక్క పెరిగిపోతోంది, ఎందుకంటారు?

లంకపిల్లోడు, అమలాపురం:
దాళ్వా వరికి నీళ్లు ఎన్ని కావాలో లెక్క వేస్తున్నానండి, ఎండ, గాలి, వేడి, తేమల నుంచి ఆవిరయ్యే నీటిని లెక్కగట్టే పెన్‌మన్-మాంటీత్ పద్ధతిలో. మా సీనియర్ సీఎంఐపీ5 (ప్రపంచ వాతావరణ మోడళ్ల ఫలితాల పాత విడత) కోసం రాసిన స్క్రిప్ట్‌లోనే దాని తర్వాతి విడత సీఎంఐపీ6 రోజువారీ ఫైళ్లు పెట్టాను. ఎర్రర్ ఏమీ రాలేదు. కానీ జనవరిలో ఆవిరి రోజుకి మూడున్నర మిల్లీమీటర్లు రావాల్సింది, ఐదు దగ్గరికి వెళ్తోంది. ఇక్కడ జనవరిలో ఎనిమిదింటికి కూడా కొబ్బరి మట్టల మీంచి మంచు బొట్లు కారుతుంటాయి. ఎక్కడ తప్పు?

బ్యారేజీ దిగువ:
తేమ చూడండి. సీఎంఐపీ5 రోజువారీ ఫైళ్లలో దాని పేరు ఆర్‌హెచ్‌ఎస్. సీఎంఐపీ6లో హెచ్‌యూఆర్‌ఎస్. పాత పేరు దొరక్కపోతే మీ స్క్రిప్ట్ ఏం చేస్తోంది?

లంకపిల్లోడు:
దొరికిందండి దొంగ! 214వ లైను: ‘లేకపోతే 40 వేసుకో’. సీనియర్ అనంతపురం మీద పని చేశారు లెండి. మాది అప్పడాలు ఎండక అమ్మ తిట్టుకునే ఊరు, 40 శాతం తేమ ఎక్కడిది? గాలి అంత పొడి అనుకుంటే ఆవిరి పెరగదూ? పేరు మార్చాను, 3.4 వచ్చింది. ఇక పాత ఫలితాల పక్కన పెట్టి పోల్చేయొచ్చా?

గట్టు మీద:
తొందరపడకండి. సీఎంఐపీ5లో గతకాలపు రన్ (జరిగిపోయిన ఏళ్లని మోడల్‌తో నడిపినది) 2005తో ఆగిపోతుంది, సీఎంఐపీ6లో 2014 దాకా ఉంటుంది. 1985–2014 తీసుకున్నారంటే పాతవాటిలో చివరి తొమ్మిదేళ్లు ఆర్‌సీపీ (భవిష్యత్తులో వాయువులు ఎంత పెరుగుతాయన్న ఊహ) నుంచి వచ్చినవే. రెంటికీ 1981–2005 పెట్టుకోండి. ఆర్‌సీపీ 8.5, సీఎంఐపీ6లో అలాంటి ఊహే అయిన ఎస్‌ఎస్‌పీ5-8.5 ఒకటే అని మాత్రం రాయకండి. 2100 నాటికి చదరపు మీటరుకి సుమారు 8.5 వాట్ల అదనపు వేడి అన్నదే ఉమ్మడి. మధ్యలో వాయువుల మోతాదులు, ధూళి అన్నీ వేరు. తేడా వస్తే అది కొత్త మోడల్ వల్లో, మారిన ఇన్‌పుట్ వల్లో విడదీయలేరు.

బ్యారేజీ దిగువ:
ఇంకోటి. మీ గడి (మోడల్ భూమిని విడగొట్టిన ముక్కల్లో మీ ఊరున్నది) నేలా, సముద్రమా? గడిలో నేల ఎంత శాతమో చెప్పే ఎస్‌ఎఫ్‌టీఎల్‌ఎఫ్ ఫైలు తెరవండి. సముద్రపు గడి అయితే పగటికీ రాత్రికీ వేడిలో తేడా పెద్దగా ఉండదు.

లంకపిల్లోడు:
తెరిచాను. నేల 31 శాతమట! మా కొబ్బరితోటతో సహా బంగాళాఖాతంలో కలిపేశారు. ఏలూరు వైపు గడికి జరిగాను. 40 ఉన్న లైను తీసేసి ‘పేరు దొరక్కపోతే ఆగిపో’ అని రాశాను. కింద హ్యాడ్‌జెమ్2-ఈఎస్ అనే పాత మోడల్ కోసం నెలకి 30 రోజులే అని ఇంకో లైను కనిపించింది, ఆ మోడల్‌కి ఫిబ్రవరి 30 కూడా ఉంటుందట. ఆ లైను కొత్త మోడళ్ల మీద కూడా నడిచిందేమో రేపు చూస్తానండి, ఇప్పుడు కరెంటు పోయింది.